కొత్త ఫోను చేతికి రాగానే



ఈ పేజీలో కుక్కరు గూర్చి, మిక్సీ గూర్చి, కుట్టుమిషను గూర్చి వ్రాసినప్పుడు ఎవరూ అంతగా పట్టించుకోలేదు గాని, మొబైలు ఫోను గూర్చి ఎప్పుడు వ్రాస్తారని మాత్రం చాలామంది అడుగుతూ వచ్చారు. కెమెరా ఎంత, మెమరీ ఎంత అనేవి వారి ప్రశ్నలు కావు. అవి పెట్టె మీదనే పెద్ద అక్షరాలతో ఉంటాయి. వారు అడిగేది ఒక్కటే: "అది గట్టిదేనా?"

ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. జనగామలోగాని మహబూబాబాద్‌లోగాని ఒక సామాన్య కుటుంబము పన్నెండు, పదిహేను వేలు పెట్టి ఫోను కొన్నదంటే అది తరచుగా నెలవారీ వాయిదాల మీదనే. పది వాయిదాలు తీరకముందే అద్దము పగిలితే, పగిలిన ఫోనుకు మిగిలిన వాయిదాలు కట్టాలి. ఈ రోజుల్లో బ్యాంకు ఆ ఫోనులోనే, గ్యాసు బుకింగు ఆ ఫోనులోనే, పిల్లల ఫీజు రసీదు ఆ ఫోనులోనే. 2020లో బడులు మూతబడినప్పుడు ఒక్క ఫోను చుట్టూ ముగ్గురు పిల్లలు కూర్చున్న ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

ఇటీవల మేమూ ఒక ఫోను కొన్నాము. కంపెనీ పేరు వ్రాయము. ఇది ప్రకటన కాదు. పదమూడు వేల రూపాయల లోపుది. జనగామలోని ఒక దుకాణములో తీసికొన్నాము. దానిని పట్టుకొని ఒక నెల రోజులలో పనుల మీద మహబూబాబాద్‌కూ భూపాలపల్లికీ వెళ్లి వచ్చాము. ఆ నెల రోజులలో చేతికి, కంటికి తోచినవి ఇక్కడ వ్రాస్తున్నాము. ఒక నెల చాలదు, నిజమే. అయితే దుకాణములో మీకు దొరికేది పది నిమిషాలే కదా.

మొదట బరువు. దుకాణములో మన ముందు నిలబడినాయన ఒక ఫోనును అరచేతిలో ఎగరేసి చూచి, "ఇది బరువుంది, గట్టిగుంటది" అన్నాడు. మన పెద్దలు ఇత్తడి బిందె కొనేటప్పుడు బరువు చూచి, వేలితో కొట్టి మ్రోగించి కొనేవారు. జనగామకు కూతవేటు దూరాన పెంబర్తి ఉంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మీద పెట్టి, సుత్తితోను ఉలితోను కొట్టి బొమ్మలు తేల్చే పనికి కాకతీయుల కాలము నుండి పేరు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రేకు ఎంత మందమో, అతుకు ఎంత బిగువో ఆ ఊరి వారికి చేతితో తాకితే తెలుస్తుంది. అయితే బిందెకు సరిపోయిన పరీక్ష ఫోనుకు సరిపోదు. ఫోను బరువులో పెద్ద భాగము బ్యాటరీది, అద్దానిది. 2000లో వచ్చిన నోకియా 3310 బరువు 133 గ్రాములు. 2003లో వచ్చిన నోకియా 1100 బరువు 86 గ్రాములు మాత్రమే. ఇప్పటి ఫోన్లు చాలావరకు 190, 200 గ్రాములు తూగుతున్నాయి. మరి ఏది గట్టిది? బరువైనది క్రింద పడితే దెబ్బ కూడా బరువుగానే తగులుతుంది. కాబట్టి బరువును చూచి మోసపోవద్దు. బరువు ఒకవైపే లాగుతున్నదా, చేతిలో సమముగా కూర్చున్నదా అన్నదే చూడండి. మేము కొన్నది పైభాగములో, అనగా కెమెరాలు ఉన్నచోట, కొంచెము ఎక్కువ బరువు. ఒంటి చేతితో పట్టుకొని బొటనవ్రేలితో వ్రాస్తుంటే వెనుకకు వాలిపోతుంది. ఇది మాకు నచ్చలేదు.

తరువాత వీపు. మా ఫోను వీపు అద్దములా తళతళలాడుతుంది గాని అది ప్లాస్టిక్కే. ఎలా తెలిసిందంటే, ఏసీ ఉన్న దుకాణములో అద్దమును, లోహమును తాకగానే చల్లగా తగులుతాయి, ప్లాస్టికు అంత చల్లగా తగలదు. గోటితో మెల్లగా తట్టితే శబ్దము కూడా వేరుగా ఉంటుంది. దుకాణదారుకు ఈ సంగతి చెప్పగానే ఆయన ముఖము కొంచెము చిన్నబోయింది. చిన్నబోవలసిన పని లేదు. ప్లాస్టికు అనగానే చవకరకమని అనుకొనుట మనకు అలవాటైంది. ఫోన్లకు వాడే మంచి ప్లాస్టికు పాలీకార్బొనేటు జాతిది. హెల్మెటు ముందుండే పారదర్శకమైన రేకు, పాటల సీడీలు కూడా దానితోనే చేస్తారు. అది వంగుతుంది, గీతలు పడుతుంది గాని అద్దములా ముక్కలు కాదు. సిగ్నలుకు కూడా అడ్డురాదు. లోహపు వీపు ఉన్న ఫోన్లలో సిగ్నలు నిమిత్తము చుట్టూ సన్నని ప్లాస్టికు గీతలు పెట్టవలసి వస్తుంది. అద్దపు వీపు అందముగా ఉంటుంది, తీగ లేకుండా చార్జింగు చేయుటకు వీలిస్తుంది. అయితే పగిలేందుకు ముందొక అద్దము, వెనుక ఒక అద్దము అవుతుంది. ఎర్రమట్టి బాటల మీద బండి నడిపేవారికి, పొలము గట్టు మీద ఫోను పెట్టేవారికి మంచి ప్లాస్టికు వీపే మేలని మా అభిప్రాయము.

ఇక ముందు అద్దము. దీని గూర్చి కొంచెము వివరముగా చెప్పాలి, ఏలయనగా ఎక్కువ అపోహలు ఇక్కడే ఉన్నాయి. గట్టి అద్దము అంటే మందమైన అద్దము కాదు. ఆ గాజును సుమారు నాలుగు వందల డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణములో ముంచుతారు. గాజు పైపొరలో ఉన్న చిన్న సోడియం అయాన్లు బయటకు పోయి, వాటి చోట పెద్దవైన పొటాషియం అయాన్లు వచ్చి కూర్చుంటాయి. పల్లెవెలుగు బస్సులో ముగ్గురు పిల్లలు కూర్చున్న సీటు నుండి వారిని లేపి ముగ్గురు పెద్దవారిని కూర్చోబెట్టితే ఎలా ఇరుక్కొని బిగుసుకుంటారో, ఆ పైపొర అలా బిగుసుకుంటుంది. పగులు మొదలవ్వాలంటే ముందు ఆ బిగువును విడదీయాలి. అమెరికాలోని కార్నింగు సంస్థ ఇటువంటి గాజును 1960లలోనే చేసింది. అప్పట్లో గిరాకీ లేక పక్కన పెట్టింది. 2007లో ఐఫోను వచ్చినప్పుడు అది మరల వెలుగులోకి వచ్చింది.

అయితే పగలకపోవుట వేరు, గీతలు పడకపోవుట వేరు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద ఒకటున్నది. అందులో వజ్రము 10. ఫోను అద్దము మీద గీతలు 6 దగ్గర మొదలవుతాయి, 7 దగ్గర లోతుగా పడతాయి. తాళపుచెవి, రూపాయి నాణెము అంతకంటె మెత్తనివి గనుక వాటితో సాధారణముగా భయము లేదు. క్వార్ట్‌జ్ అనగా మామూలు ఇసుకరేణువు 7. జనగామ చుట్టూ ఉన్నవి నల్లరాతి గుట్టలు, వాటి నుండి పుట్టిన చల్కా నేలలు. అందులో ఇసుకపాలు ఎక్కువ. చొక్కా జేబులో, సంచి అడుగున ఉండే ఆ మన్నే ఫోనుకు శత్రువు. మా ఫోను మీద పన్నెండవ రోజున వెంట్రుక వంటి గీత ఒకటి కనబడింది. తుండుగుడ్డతో గట్టిగా రుద్ది తుడిచే అలవాటే దానికి కారణము కావచ్చు. ముందు మన్ను విదిలించి, ఊది, ఆ తరువాతనే మెత్తని గుడ్డతో తుడవండి. పైన అంటించే అద్దపు బిళ్లను దుకాణములోనే వేయించుకొనుట మంచిది.

మహబూబాబాద్ వెళ్లింది మిర్చి కాలములో. కేసముద్రం మార్కెట్టు వైపు వెళ్లినవారికి చెప్పనక్కరలేదు, గాలిలోనే ఘాటు. బస్తాలు దించేవారు, తూకము వేసేవారు, ధర కోసము ఫోను చెవికి ఆనించుకొన్న రైతులు, అందరి చేతులకు అదే పొడి. ఆ పొడి స్పీకరు రంధ్రాలలోకి, చార్జింగు రంధ్రములోకి చేరుతుంది. మిరపలోని మంట నీటిలో కరగదు, నూనె వంటి దానిలోనే కరుగుతుంది. అందుచేత ఫోనును తడిగుడ్డతో తుడిచి శుభ్రమైనదనుకొని, ఆ చేతితో పసిబిడ్డ ముఖము తాకకండి. చేతులు సబ్బుతో కడుగుకోండి.

పెట్టె మీద ఐపీ అని వ్రాసి ప్రక్కన రెండు అంకెలుంటాయి. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి. దుమ్ముకు 6 అంటే లోపలికి పొడి ఏమాత్రము పోదని అర్థము. ఈ పరీక్షను ప్రయోగశాలలో టాల్కం పౌడరుతోనే చేస్తారంటే మీకు ఆశ్చర్యము కలుగవచ్చు. 5 అంటే కొంత పోయినా పనికి ఆటంకము లేదని. నీటి విషయములో 4 అంటే చిందిన నీటికి తట్టుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట. 8 అంటే అంతకు మించి, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పాలి. మా ఫోనుకు 64 అని ఉంది. వానకు చాలును, బకెట్టులో పడితే చాలదు. ఈ పరీక్షలు కొత్త ఫోను మీద, మంచినీటితో జరిగేవి. సబ్బునీటికి, ఆవిరికి, రెండేళ్లు వాడిన ఫోనుకు ఆ మాట వర్తించదు. నీరు పోయి చెడితే గ్యారంటీ ఇవ్వమని చిన్న అక్షరాలలో వ్రాసే కంపెనీలు చాలా ఉన్నాయి. పెద్ద అక్షరాలతో ఒకటి, చిన్న అక్షరాలతో ఒకటి!

మన ప్రాంతములో ఈ నీటి సంగతి మాటవరుసకు చెప్పేది కాదు. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి గ్రామమును ముంచివేసింది. జనము ఇళ్ల కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. హెలికాప్టర్లతో, పడవలతో వారిని బయటకు తెచ్చారు. కొందరు కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కుండపోత వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వ్రేలాడాయి, రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అటువంటి రాత్రి కరెంటు ఉండదు, చీకటిలో ఫోనే దీపము, ఫోనే కేక. ఆ సమయాన తడిసిన ఫోను ఒక్క గంట పనిచేసినా చాలును. వాగు ఒడ్డు ఊళ్లవారు మరో వెయ్యి పెట్టి అయినా నీటి అంకె పెద్దదిగా ఉన్నదానిని తీసికొంటే మంచిదని మేము అనుకొంటున్నాము. అది లేనివారు వానాకాలములో ఒక మందపాటి ప్లాస్టికు సంచి, దానికి బిగించే రబ్బరు దారము ఫోను దగ్గరే ఉంచుకోండి.

ఇంకొక మాట. "మిలిటరీ స్టాండర్డు" అని కొన్ని పెట్టెల మీద ఉంటుంది. దుకాణములో మాకు కూడా అదే చూపించి, "కిందవడ్డా ఏం గాదమ్మా, మిలిటరీది" అన్నారు. అది అమెరికా రక్షణశాఖ వ్రాసిన పరీక్షాపద్ధతుల పుస్తకము పేరు. ఆ పద్ధతులలో తమకు కావలసినవి కొన్ని ఎన్నుకొని కంపెనీయే పరీక్షించుకోవచ్చు. ఏ సైన్యమూ ఆ ఫోనును చూచి ముద్ర వేయలేదు.

భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రము. బొగ్గు లారీలు పోయే దారిలో అరగంట నిలబడితే తెల్లని ఫోను కవరు మీద నల్లని పొర కూర్చుంటుంది. మీథేను ప్రమాదమున్న భూగర్భ గనులలోనికి మామూలు ఫోను తీసికొనిపోకూడదు. నిప్పురవ్వ పుట్టించని పరికరాలనే అక్కడ అనుమతిస్తారు. కాబట్టి షిఫ్టుకు దిగినవారి ఫోను పైననే ఉండిపోతుంది. ఇంటివారు ఆ ఎనిమిది గంటలు ఫోను మ్రోగుతుందని ఎదురుచూడరు, షిఫ్టు దిగే వేళకు మాత్రము చెవులన్నీ అటే. ఆ వేళకు ఫోను చార్జింగు లేక మూగబోతే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో గని కుటుంబాల వారికే తెలుసు.

ఆ ప్రాంతాలలో బొగ్గుపొడి కంటె కూడ ఎండ ఎక్కువ హాని చేస్తుందని మాకు తోచింది. కొన్ని పెద్ద కంపెనీలు తమ పుస్తకములో, చుట్టూ 35 డిగ్రీల వేడి వరకే వాడమని వ్రాస్తాయి. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు మామూలే. వేడికి లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది, ఒక్కొక్కసారి లోపల వాయువు చేరి ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీ అద్దమును లేదా వీపును పైకి నెడుతుంది. అంచు దగ్గర ఇదివరకు లేని సందు కనబడితే అది అతుకు లోపమనుకొని వ్రేలితో నొక్కకండి, జిగురు వేయకండి. చార్జింగు ఆపి, తెలిసినవారి చేత తీయించండి. బండి హ్యాండిలు మీద ఎండలో బిగించిన ఫోన్లను చూచినప్పుడెల్లా మాకు భయమే.

ఎండలో ఫోను వాడక తప్పనివారు కూడా ఉన్నారు. 2023 జనవరి 1 నుండి ఉపాధిహామీ పనులలో కూలీల హాజరును ఫోనులో ఫోటో తీసి పంపుట తప్పనిసరి చేశారు. ఆ ఫోటో తీసేది మేటు, చాలాచోట్ల ఒక స్త్రీ. ఫోను వేడెక్కి ఆగిపోతే హాజరు పడదు, హాజరు పడకపోతే కూలి డబ్బు చిక్కులో పడుతుంది. ఎవరి ఫోను మీదనో ఎందరి అన్నమో ఆధారపడింది. ఆమె కొనుక్కొన్నది చవక ఫోను, కొనుక్కొన్నదీ తన డబ్బుతోనే.

"పాత ఫోన్లే గట్టివి" అని పెద్దవారు అంటూ ఉంటారు. అందులో నిజమున్నది. నోకియా 1100 మీటలకు దుమ్ము పోకుండ పైపొర, చెమట చేతిలో జారకుండ ప్రక్కల పట్టు, చీకటికి టార్చి ఉండేవి. మన వంటి దేశాల ఎండ, దుమ్ము చూచి చేసిన ఫోను అది. లోకములో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అయితే దానికి పగిలేందుకు పెద్ద అద్దమే లేదు కదా! క్రింద పడితే వీపు ఒకచోట, బ్యాటరీ ఒకచోట ఎగిరిపడేవి, దెబ్బ అలా చెదిరిపోయేది, మనము ఏరుకొని మరల కూర్చేవాళ్లము. ఆ నోకియా వారు 2006లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో పెట్టిన కార్ఖానాలో 2014 నవంబరులో పని ఆగిపోయింది. మరుసటి సంవత్సరమే, 2015 ఆగస్టు 10న, శ్రీసిటీలో తయారైన షావోమీ ఫోనును విశాఖపట్టణములో విడుదల చేశారు. దాని ధర 6,999 రూపాయలు. అదే 2015లో హైదరాబాదు వారి సెల్కాన్ మేడ్చల్‌లో ఫోన్ల తయారీ ప్రారంభించింది. మన నేల మీద తయారైనదంటే సంతోషమే గాని, ఎక్కడ బిగించారన్నదాని కంటె లోపల ఏ అద్దము, ఏ జిగురు, ఏ మరలు వాడారన్నది ముఖ్యము.

దుకాణములో పది నిమిషాలలో చూడదగినవి ఇవి. గోటిని అంచు వెంబడి చుట్టూ త్రిప్పండి, ఎక్కడైనా గోరు పట్టుకొంటే అతుకు సరిగా లేదు. రెండు చేతులతో మెల్లగా, చాల మెల్లగా మెలిపెట్టండి. కిర్రుమంటే మంచిది కాదు. ప్రక్కనున్న మీటలు వదులుగా కదులుతున్నాయా చూడండి. ఫోను ఊపితే కెమెరా దగ్గర చిన్న చప్పుడు వస్తే మాత్రము కంగారుపడవద్దు. చేతి వణుకు ఫోటోలో పడకుండ లోపలి కటకమును కదిలేలా అమర్చిన ఫోన్లలో అది సహజము. సిమ్ము పెట్టే చిన్న పళ్లెమును బయటకు లాగి, దాని అంచున రబ్బరు వలయమున్నదా చూడండి. నీటికి తట్టుకుంటుందన్న మాటకు కంటికి కనబడే సాక్ష్యము అదొక్కటే. మా ఫోనులో ఉన్నది, ఎర్రని సన్నని వలయము.

వీటన్నిటికంటె ముఖ్యమైనది చాలామంది అడగరు. "దీని అద్దము పగిలితే ఎంతవుతుంది, ఎక్కడ వేస్తారు?" అని డబ్బు ఇవ్వకముందే అడగండి. వంపు తిరిగిన అంచుల అద్దమైతే ఖర్చు మరీ ఎక్కువ. భూపాలపల్లి నుండి వరంగల్ వెళ్లాలంటే రానుపోను ఒక దినము, ఒక దినము కూలి. ఐరోపా దేశాలలో 2025 జూన్ 20 నుండి ప్రతి కొత్త ఫోనుతో ఒక చీటీ ఇవ్వాలి. క్రింద పడితే ఎంత తట్టుకుంటుంది, బాగుచేయుట ఎంత సులువు అన్నవి అందులో అక్షరాల గుర్తులతో ఉంటాయి. అమ్మకము ఆగిన తరువాత ఏడేళ్ల వరకు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలని కూడా అక్కడ నియమము పెట్టారు. మన దేశములో 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరిట ప్రభుత్వము ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. అటువంటి చీటీ మన పెట్టెల మీద కూడ ఉంటే, దుకాణదారు మాట మీద ఆధారపడే పని ఉండదు.

మేము కొన్న ఫోను విషయములో మా అభిప్రాయము: వీపు బాగున్నది, అతుకులు బిగువుగా ఉన్నవి, మీటలు ఫరవాలేదు, పైభాగము బరువు, స్పీకరు రంధ్రాలకు జాలి చాల పెద్దది గనుక దుమ్ము పడుతుంది. పదమూడు వేలకు ఇది తగినదే.

చివరిగా, చాల ఇళ్లలో మేము చూచినది చెప్పాలి. కొత్త ఫోను రాగానే అది ఇంటి యజమానికో పెద్ద కుమారునికో పోతుంది. అద్దము పగిలిన పాతది అమ్మకు ఇస్తారు. "అమ్మకేం, మాట్లాడుకోవడానికే కదా" అంటారు. వంటింటి తడిలో, పొయ్యి వేడిలో, బియ్యపు పిండి చేతులతో ఫోను వాడేది ఆమెయే. గట్టి ఫోను అవసరము ఆమెకే ఎక్కువ. సంఘము లెక్కలు, పిల్లల బడి సమాచారము, బ్యాంకు నుండి వచ్చే అంకెలు కూడ ఆమె ఫోనుకే వస్తున్నాయి. పగిలిన అద్దము మీద బొటనవ్రేలు సరిగా పనిచేయదు, సన్నని పెంకు వ్రేలిలో దిగితే కనబడదు కూడ. ఇప్పటికిప్పుడు మార్చలేనివారు పగిలిన అద్దము మీద పారదర్శకమైన ప్లాస్టికు టేపు అయినా మడతలు లేకుండ అంటించండి, పెంకులు ఊడిరావు. ఆ ఫోనును పసిపిల్లల చేతికి ఆటకు ఇవ్వకండి. ఈసారి వాయిదాల మీద కొనేటప్పుడు, ఆ ఫోను ఎవరి చేతికి ఇవ్వాలన్నది దుకాణానికి వెళ్లకముందే ఇంటిలో కూర్చొని మాట్లాడుకోండి. మా ఇంట అలా మాట్లాడుకొనుటకు రెండు సాయంత్రాలు పట్టింది.